పొలాల మధ్యలో ఓడరేవు: స్కోక్లాండ్ గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం అండి. ఆదివారం మనం వెళ్తున్న, ఇక్కడే నెదర్లాండ్స్‌లో ఉన్న స్కోక్లాండ్ గురించి ముందే కొంచెం చెప్తాను, ఎందుకంటే కథ తెలియకుండా వెళ్తే అక్కడ గడ్డి, ఆలుగడ్డ చేలు తప్ప ఏం కనపడవు, పిల్లలు పది నిమిషాల్లో ఇంటికి పోదాం అంటారు.

ఇప్పుడు పొలాల మధ్యలో ఉంది గానీ ఒకప్పుడు అది జౌడర్‌జే అనే సముద్రపు పాయలో సన్నగా పొడుగ్గా ఉన్న దీవి, ఉత్తరాన ఎమెలూర్డ్‌లో కేథలిక్కులు, దక్షిణం వైపు ప్రొటెస్టెంట్లు, అందరిదీ చేపల వేటే. నీళ్లు ఒడ్డుని కోసుకుంటూ పోయేవి, మట్టి దిబ్బలు పోసుకుని వాటిమీద ఇళ్లు కట్టుకునేవాళ్లు, చుట్టూ దుంగలు పాతేవాళ్లు. 1825 తుఫాను బాగా దెబ్బకొట్టింది, పేదరికం సరేసరి. ఇంక వీళ్లని కాపాడ్డం మావల్ల కాదని 1859లో మూడో విలియం రాజు ఖాళీ చేయించేశాడు. దాదాపు 650 మంది. కాంపెన్‌కి కొందరు, ఫోలెండమ్‌కి కొందరు, అలా చెల్లాచెదురు. రేవు, దీపస్తంభం చూసుకునే కొద్దిమందే మిగిలారు.

అసలు ట్విస్ట్ తర్వాత వచ్చింది. 1932లో 32 కిలోమీటర్ల గట్టు వేసి ఆ పాయని సముద్రం నుంచి మూసేశారు, తర్వాత ఒక ముక్క చుట్టూ ఇంకో కట్ట వేసి నీళ్లు తోడేస్తే 1942కి నేల తేలింది, దీవి కాస్తా గట్టున పడింది! ఎనభై ఏళ్లు ఆగుంటే వాళ్లని పంపాల్సిన పనే లేదు కదా అనిపిస్తుంది నాకైతే.

మధ్యలో మిడెల్‌బ్యూర్ట్ దిబ్బ మీద 1834 నాటి చర్చి ఉంది, పక్కనే మ్యూజియం. ఉత్తరపు కొసన పాత రేవు, అదే నా ఫేవరెట్, పడవలు ఆగే చోట నిలబడి చూస్తే కనుచూపుమేర పంటే, నీటిచుక్క లేదు. దక్షిణపు కొసన పాత చర్చి పునాదులు.

1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టులోకి ఎక్కింది, ఈ దేశంలో మొదటిది ఇదే. ఇప్పుడేమో తలనొప్పి తిరగబడింది, నేల ఎండి కుంగిపోతోందని పక్కనే భూగర్భజలం కావాలని పెంచుతున్నారు. నీళ్లకి భయపడి వదిలేసిన ఊరికి నీళ్లు పెడుతున్నారన్నమాట!

ఆఁ, ఇంకోటి, నావిగేషన్‌లో ఎమెలూర్డ్ అని కొట్టకండి, ఆ పేరుతో కొత్త టౌన్ కట్టారు, అక్కడికి తీసుకెళ్తుంది. స్కోక్లాండ్ మ్యూజియం అని కొట్టండి, గాలి ఎక్కువ, జాకెట్లు మర్చిపోకండి.