మిరపచేలో లద్దెపురుగు, మంచుకొండల్లో కీడా జడి

(దృశ్యం: గుంటూరు దగ్గర, లాం దాటాక ఒక మిరపచేను. ఆకు అడుగున గోధుమరంగు నూగు కప్పిన చిన్న ముద్ద, బాగా దగ్గరగా)

నమస్కారమండీ. ఈ నూగు కింద వందల గుడ్లున్నాయి. పొగాకు లద్దెపురుగు తల్లి పెట్టినవి. తన ఒంటి నూగునే వాటిమీద కప్పి వెళ్లిపోతుంది. పిల్లలు గుంపుగా పచ్చదనమంతా గోకి తినేసి ఆకును జల్లెడ చేస్తాయి. పెద్దయ్యాక పగలు మట్టిపెళ్లల కింద దాక్కుని రాత్రి మేస్తాయి.

మిరప, పత్తి, పొగాకు, వేరుశనగ, ఆముదం... వందకు పైగా మొక్కలు దానికి తిండే. ఎండకాస్తే నెలరోజుల్లో కొత్త తరం తయారు. మగ చిమ్మెటలను ఆడవాసనతో రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలు కట్టినా, గట్లమీద ఆముదం ఎరపంటగా వేసినా తగ్గుతుందే గానీ పోదు. రైతుకు ఎంత తలనొప్పో వేరే చెప్పక్కర్లేదు.

(దృశ్యం: హిమాలయాల్లో పచ్చిక బయలు. మోకాళ్లమీద పాకుతూ గడ్డిలో వెతుకుతున్న మనుషులు)

వీళ్లు వెతికేది ఒక శిలీంధ్రాన్ని. ఉత్తరాఖండ్‌లో కీడా జడి, నేపాల్‌లో యార్సాగుంబా. శాస్త్రీయ నామం ఓఫియోకార్డిసెప్స్ సైనెన్సిస్. 3,000 మీటర్లు దాటిన చల్లటి ఎత్తుల్లోనే దొరుకుతుంది. అక్కడ ఘోస్ట్ మాత్ అనే చిమ్మెటల గొంగళిపురుగులు మట్టిలో వేళ్లు తింటూ ఏళ్లతరబడి పెరుగుతాయి. ఈ శిలీంధ్రం వాటి ఒంట్లో చేరి, లోపలంతా తినేసి, తల పైకి ఉండేలా నేలపైపొర దగ్గరే చంపేస్తుంది. మంచు కరిగాక ఆ తలలోంచి గోధుమరంగు కాడ మొలుస్తుంది. పురుగు వేరులాగా కిందే ఉంటుంది!

లద్దెపురుగుకి వంద మొక్కలుంటే, ఈ శిలీంధ్రం ప్రాణం మొత్తం ఆ చిమ్మెటల మీదే ఆధారపడి ఉంది. మందుగా కిలో లక్షల్లో పలుకుతుంది. లేతదానికే ధర ఎక్కువ కాబట్టి, విత్తనాల్లాంటి సిద్ధబీజాలు రాలకముందే పీకేస్తున్నారు. చలికాలాలు వేడెక్కుతుండటం ఇంకో దెబ్బ. 2020లో ప్రకృతి పరిరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని ఎర్రజాబితాలో 'వల్నరబుల్'గా, అంటే అంతరించే ముప్పు ఉన్నదిగా చేర్చింది. కొండజనానికి ఏడాది ఖర్చులు గడిచేది దీనిమీదే. అందుకే పూర్తిగా ఆపేయమనడం నాకు న్యాయంగా అనిపించదు. కొన్ని బయళ్లు వదిలేసినా, సీజన్ చివరి రోజులు మిగిల్చినా సిద్ధబీజాలు రాలే వీలుంటుంది.

(దృశ్యం: మళ్లీ మిరపచేను. కొమ్మకు కరుచుకుని బిగుసుకుపోయిన లద్దెపురుగు, ఒంటినిండా లేతపచ్చ పొడి)

మన లద్దెపురుగుకీ ఇలాంటి శిలీంధ్ర శత్రువే ఉంది. పాత పేరు నొమురియా రిలై, ఇప్పుడు మెటారైజియం రిలై అంటున్నారు. ముసురు రోజుల్లో పురుగుకి పట్టి, ముందు తెల్లగా, తర్వాత పచ్చగా బూజవుతుంది. ఆ పొడి గాలికి లేచి పక్క పురుగులకూ అంటుకుంటుంది. చేలో ఇలాంటిది కనబడితే దులపకండి, అలాగే ఉంచండి. తెగుళ్లకు కొట్టే శిలీంధ్రనాశినులు మనకు మేలుచేసే ఈ బూజునీ చంపగలవు. అందుకే కొట్టేముందు ఒకసారి కొమ్మలన్నీ చూసుకోండి.