ఫౌజీ జ్ఞాపకాలు రికార్డు చేసేటప్పుడు

అందరికీ నమస్కారం. తిరుమలగిరి, బొల్లారం మొదలుకొని గోల్కొండ దాకా మన ఊళ్లో మాజీ సైనికుల ఇళ్లకు కొదవలేదు. రికార్డర్ పట్టుకుని వెళ్లేవాళ్లు మాత్రం కూర్చోగానే "యుద్ధంలో భయం వేసిందా సార్?" అంటారు. "డ్యూటీ కదా" అని ఒక్క ముక్క జవాబొస్తుంది. ఆపైన మాట సాగదు.

ముందు పని గురించి అడగండి. ఆర్టిలరీ (ఫిరంగి దళం) మనిషైతే "గన్ను మీద మీరు ఏ నంబరు?" అనండి. గన్ను దగ్గర ఒక్కొక్కరికీ ఒక నంబరు, దానికో పని ఉంటుంది. నంబర్ వన్ ఆ జట్టుకు పెద్ద. గుండు ఎవరు అందించేవారు, నీళ్లు ఎక్కడివి, లంగర్ (సైన్యం వంటశాల) నుంచి పోస్టుకు చేరేసరికి రోటీ ఎలా ఉండేది, ఇవి అడగండి. పక్క నంబరువాడు ఏమయ్యాడో మీరు అడగక్కర్లేదు. ఆయనే చెబుతారు, లేదా ఆగిపోతారు. ఆగితే రికార్డర్ ఆపొద్దు, ఇంకో ప్రశ్న వేయొద్దు. అర నిమిషం మౌనం భరించడం మనకే కష్టం, ఓర్చుకోండి.

గన్నర్లకు చెవుడు మామూలే. ఏ చెవి బాగా వినిపిస్తుందో కనుక్కుని ఆ పక్కన కూర్చోండి. లేదంటే మీరు అడగని ప్రశ్నలకు జవాబులొస్తాయి.

సైన్యం నుంచి విడుదలయ్యేటప్పుడు ఇచ్చే డిశ్చార్జి బుక్ మొదటి రోజే చూడండి. భర్తీ తేదీ, మెడల్స్ అందులో ఉంటాయి. నోటిమాటలో 1965, 1971 యుద్ధాలు కలిసిపోవచ్చు. సరిదిద్దబోకండి, ఆయన చెప్పిందీ బుక్‌లో ఉన్నదీ రెండూ రాసుకోండి. పాత ఇన్‌లాండ్ ఉత్తరాలుంటే మరీ మంచిది. 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అన్న చిరునామాను బట్టి జవాను ఎక్కడున్నాడో తేలదు, ఆ ఏర్పాటే అందుకు. లోపల రాసిన తేదీ మాత్రం పనికొస్తుంది.

చప్పుడు పడకుండా ఫ్యాను కట్టేయాలి. మే నెలలో అది శిక్షే, అందుకే పొద్దున్నే వెళ్లండి, వంటింట్లో కుక్కర్ ఎక్కకముందే. రికార్డర్‌లో వేవ్ (WAV) ఫైలు, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో పెడితే గంటకు సుమారు అర జీబీ. ఫోన్‌లో రెండో రికార్డింగ్ పెట్టి ఫ్లైట్ మోడ్‌లో ఉంచండి. మధ్యలో కాల్ వస్తే అది ఆగిపోవచ్చు.

1923 నాటి అధికార రహస్యాల చట్టం రిటైరైనవారికీ వర్తిస్తుంది. పోస్టుల లెక్కలు, సిగ్నల్ పద్ధతులు తవ్వకండి. అనుమతి పత్రం మీద సంతకం రికార్డింగ్ అయ్యాక, ఆయనకు మొత్తం వినిపించాక తీసుకోండి. తీసేయమన్నది తీసేయాలి.

భార్యతో మరో రోజు విడిగా మాట్లాడండి. మనియార్డర్ ఆలస్యమైన నెలల్లో ఇల్లెలా గడిచిందో ఆవిడకే తెలుసు. ఇద్దరినీ ఒకే సోఫాలో కూర్చోబెడితే ఆయన సగమే చెబుతారు, ఆవిడ టీ పెట్టడానికి లేచి వెళ్లిపోతారు.