గెడ్డ రెండు ముక్కలైన చోట: ఎక్స్‌ఎస్‌ఎల్‌టితో వర్డ్ పత్రాన్ని తేలిక చేయడం

నమస్కారం. గజపతి జిల్లా పర్లాకిమిడిలో మా మిత్రబృందం ఇక్కడి తెలుగు మాటలను, వాటికి సమానమైన ఒడియా మాటలను వర్డ్‌లో పట్టికగా టైపు చేస్తూ వస్తోంది. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే పిల్లలు ఫోన్‌లో వెతుక్కునేలా దానిని చిన్న నిఘంటువుగా మార్చే పని నేను తీసుకున్నాను. మొదటి పరీక్షలోనే, కొండవాగును మనం పిలిచే ‘గెడ్డ’ అన్న మాట వెతికితే దొరకలేదు; వర్డ్‌లో తెరిచి చూస్తే మాత్రం అది స్పష్టంగా కనిపిస్తోంది.

వర్డ్ ఫైలు నిజానికి ఒక జిప్ సంచి. దానిని విప్పితే, వర్డ్ అనే ఫోల్డరులో డాక్యుమెంట్ అనే, సమాచారాన్ని ట్యాగుల మధ్య పేర్చే ఎక్స్‌ఎంఎల్ ఫైలు ఉంటుంది. అందులో ప్రతి పేరా ‘రన్’ అనే తునకలుగా విడిపోయి ఉంటుంది. అక్షరాలు ఆ తునకల లోపల, ‘డబ్ల్యు కోలన్ టి’ అనే ఎలిమెంటులో (తెరిచే, మూసే ట్యాగుల జతలో) ఉంటాయి. ఒక రోజు టైపు చేసి మరొక రోజు దిద్దిన మాటను వర్డ్ రెండు రన్‌లుగా దాచవచ్చు. మా ఫైలులో ‘గె’ ఒక రన్‌లో, ‘డ్డ’ ఇంకొక రన్‌లో ఉన్నాయి. వాటి చుట్టూ ‘ఆర్‌ఎస్‌ఐడి’తో మొదలయ్యే సవరణ గుర్తులు, అక్షరదోష పరీక్ష వదిలిన ‘ప్రూఫ్ ఎర్’ గుర్తులు పేరుకుపోయాయి.

ఈ చిక్కు విప్పడానికి తగిన సాధనం, ఎక్స్‌ఎంఎల్ ఫైలును మరో రూపంలోకి మార్చే నియమాలు రాసే భాష అయిన ఎక్స్‌ఎస్‌ఎల్‌టి. జేమ్స్ క్లార్క్ సంపాదకత్వంలో దాని మొదటి రూపం 1999 నవంబర్ 16న ప్రమాణంగా వెలువడింది. దానిని నడపడానికి ఉచితంగా దొరికే ప్రోగ్రాం ఎక్స్‌ఎస్‌ఎల్‌టి‌ప్రాక్‌కు ఆ మొదటి రూపమే తెలుసు, అయినా ఈ పనికి అది చాలు.

నేను గట్టిగా నమ్మే పద్ధతి ఒకటుంది. కావలసినవాటిని ఏరుకుంటూ మొదలుపెట్టకూడదు. ముందు అంతటినీ ఉన్నది ఉన్నట్టు నకలు చేసే టెంప్లేటు (ఏది కనిపిస్తే ఏం చేయాలో చెప్పే నియమం) రాసి, ఆ తరువాత అక్కరలేనివాటికి ఒక్కొక్కదానికి ఏమీ బయటికి పంపని ఒక ఖాళీ టెంప్లేటు చేర్చాలి. పేరు పెట్టి రాసిన టెంప్లేటుకు ప్రాధాన్యం ఎక్కువ కనుక అది నకలు టెంప్లేటును తనంతట తానే పక్కకు తప్పిస్తుంది. ఈ దారిలో మనం మరచిపోయినది ఫలితంలో మిగిలి కంటబడుతుంది. ఏరుకునే దారిలో మాత్రం మరచిపోయినది మాటామంతీ లేకుండా మాయమవుతుంది.

నేను మొదట ఏరుకునే దారినే పట్టి ఒక పూట పోగొట్టుకున్నాను. టెంప్లేటులో పేరా ఎలిమెంటుకు ‘డబ్ల్యు కోలన్’ అనే ముందుమాట (పేరు ఏ నేమ్‌స్పేస్‌కు, అంటే ఏ పేర్ల కుటుంబానికి, చెందిందో చెప్పే గుర్తు) లేకుండా ఉత్త ‘పి’ అని రాశాను. నేమ్‌స్పేస్ ముందుమాట లేని పేరు నేమ్‌స్పేస్ లేని ఎలిమెంటుకే సరిపోతుంది కాబట్టి అది దేనినీ పట్టలేదు, తప్పు సందేశమూ రాలేదు. పైగా ఎక్స్‌ఎస్‌ఎల్‌టిలో ముందే ఉన్న నియమాల ప్రకారం ఫైలులోని పాఠమంతా ట్యాగులు లేకుండా ఒక ముద్దగా వచ్చిపడింది. మార్పులను గుర్తుపెట్టుకునే ‘ట్రాక్ ఛేంజెస్’ పెట్టి మేము కొట్టివేసిన మాటలు కూడా అందులో తిరిగి వచ్చాయి. వర్డ్ వాటిని తొలగించదు, ‘డెల్ టెక్స్ట్’ అనే ఎలిమెంటులో దాచి ఉంచుతుంది. అందుకే దాని చుట్టూ ఉండే ‘డబ్ల్యు కోలన్ డెల్’కు ఖాళీ టెంప్లేటు తప్పనిసరి.

రంగు విషయంలో మాత్రం నిదానించాలి. అలంకరణ వివరాలన్నీ చెత్తేనని తుడిచేయాలనిపిస్తుంది, కానీ పెద్దలు ఇంకా ధ్రువీకరించని మాటలను మా బృందం ఎరుపు రంగుతో గుర్తించింది. ఆ రంగులో అర్థం ఉంది. ఎరుపు రన్ చుట్టూ ‘సందేహం’ అనే ఎలిమెంటు కడితే, ‘గె’ ఎర్రగా, ‘డ్డ’ నల్లగా ఉన్న చోట మాట మళ్లీ చీలిపోతుంది. అందువల్ల వరుసలో ఎక్కడైనా ఎరుపు ఉంటే ఆ వరుసకంతటికీ ఒక ఆట్రిబ్యూటు (ట్యాగులో రాసే అదనపు వివరం) పెట్టాను.

కనుక నా మొదటి షీటు, అంటే నియమాల ఫైలు, సవరణ గుర్తులను, అక్షరదోష గుర్తులను, కొట్టివేసిన మాటలను మాత్రమే తీసివేస్తుంది. రెండవ షీటు పట్టిక వరుసను ‘మాట’గా, మొదటి గడిని ‘తెలుగు’గా, రెండవ గడిని ‘ఒడియా’గా మారుస్తుంది. ఎలిమెంటు పేర్లు తెలుగు లిపిలో ఉండడానికి ఎక్స్‌ఎంఎల్ అనుమతిస్తుంది. మా బృందంలో ప్రోగ్రామింగు తెలియనివారు కూడా ఫలితాన్ని చదివి తప్పు పట్టగలగడం నాకెంతో సంతోషం కలిగించింది. గడిలోని పాఠాలు ఒకదాని వెంట ఒకటి రాగానే ఒకే పాఠంగా కలిసిపోతాయి, గెడ్డ మళ్లీ గెడ్డ అవుతుంది.

ఖాళీలను సరిచేసే ‘నార్మలైజ్ స్పేస్’ అనే ఫంక్షన్ మామూలు ఖాళీలను, ట్యాబులను, వరుస విరుపులనే పట్టించుకుంటుంది. తెలుగులో పొల్లును విడిగా నిలిపే కనిపించని అక్షరం జోలికి అది పోదు, అది మనకు మేలే. పక్క మాటలను రెండు వరుసలుగా విడిపోనివ్వని ‘విరగని ఖాళీ’ని కూడా వదిలేస్తుంది కాబట్టి దానిని ‘ట్రాన్స్‌లేట్’తో ముందే మామూలు ఖాళీగా మార్చాను.

గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ ఊళ్లోనే ఉపాధ్యాయులుగా ఉంటూ ఇక్కడి కొండప్రాంతపు గిరిజనుల సవర భాషను నేర్చుకుని దానికి నిఘంటువు కూర్చారు. మా పట్టికలోనూ సవర మాటలకు మూడవ గడి రాబోతోంది. అది వచ్చిన రోజు మొదటి షీటును ముట్టుకోనక్కరలేదు; రెండవ షీటులో మూడవ గడికి ఒక్క టెంప్లేటు చేరుస్తాను.