పర్మిషన్ ఇచ్చే ముందే మనతో మాట్లాడాలి

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున ఇంట్లో సవాలక్ష పనులుంటాయి. అవన్నీ పక్కన పెట్టి లబ్బీపేట నుంచి, మొగల్రాజపురం నుంచి, సిద్ధార్థనగర్ నుంచి ఇంతమంది వచ్చారంటేనే విషయం ఎంతవరకూ వచ్చిందో అర్థమవుతోంది. అద్దెకుంటున్నవాళ్లు కూడా వచ్చారు, సంతోషం. సాయంత్రం తోపుడు బండ్లు పెట్టుకునేవాళ్లు కొందరు వెనకాల నిలబడ్డారు. దయచేసి ముందుకొచ్చి కూర్చోండి, మీ గురించి కూడా మాట్లాడాలి.

సూటిగా చెబుతాను. మన విజయవాడ ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియంలో పెద్ద ప్రోగ్రాం ఉందని ఊరందరికీ ఫ్లెక్సీలు చూస్తే తెలిసిపోతుంది, కానీ ఆరోజు మన వీధి మూసేస్తారన్న సంగతి మాత్రం మనకు బారికేడ్ అడ్డం పెట్టాకే తెలుస్తుంది. మన బాధంతా అక్కడే మొదలవుతోంది. సౌండ్, పార్కింగ్, చెత్త అన్నీ ఆ తర్వాతివే. అందుకని నేను అడిగేది ఒక్కటే: పర్మిషన్ ఇచ్చే ముందు జరిగే మాటల్లో మనకూ చోటుండాలి. దానికి ఒక కమిటీ కావాలి. స్టేడియం పరిసరాల కమిటీ అనండి, ఇరుగుపొరుగు కమిటీ అనండి, పేరు ఏదైనా ఫర్వాలేదు.

స్టేడియం మనకు వద్దని ఎవరూ అనట్లేదు, ఈ మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే మనం నోరు తెరిస్తే చాలు "వీళ్లు అభివృద్ధికి అడ్డం" అనేస్తున్నారు. 2002 నవంబరు 24న ఇండియా, వెస్టిండీస్ వన్డే ఇక్కడే జరిగింది, ఏడు మ్యాచ్‌ల సిరీస్‌లో ఆఖరిది. వెస్టిండీస్ ఆటగాడు శామ్యూల్స్ సెంచరీ కొట్టాడు, మనవాళ్లు ఓడిపోయారు, అయినా ఆ మ్యాచ్ మా వీధిలో జరిగిందన్నట్టే ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆగస్టు 15 రాష్ట్రస్థాయి వేడుకలు ఇక్కడ జరుగుతున్నాయంటే గర్వంగానే ఉంటుంది. పిల్లలు పొద్దున్నే ప్రాక్టీసుకి వెళ్తారు, పెద్దవాళ్లు నడకకు వెళ్తారు. ఇది మన స్టేడియం.

మారిందేమిటంటే, స్వరాజ్ మైదానంలో, అదే మన పీడబ్ల్యూడీ గ్రౌండ్స్‌లో, ఒకప్పుడు ఎగ్జిబిషన్లు, పుస్తకాల పండగ, పెద్దపెద్ద సభలు జరిగేవి. ఇప్పుడక్కడ అంబేడ్కర్ స్మృతివనం ఉంది, 2024 జనవరిలో ప్రారంభించారు. మంచిదే. కాకపోతే ఊరి నడిబొడ్డున జనం పట్టే ఖాళీ స్థలం ఒకటి తగ్గింది, ఆ బరువు మిగిలినవాటి మీద పడింది. పడినప్పుడు ఆ పక్కన ఉన్నవాళ్ల సంగతేమిటని ఎవరో ఒకరు ఆలోచించాలిగా? ఆలోచించలేదు. దాన్ని కుట్ర అని నేను అనను. ఆ ఆలోచన ఎవరి పనీ కాకుండా పోయింది, అంతే.

ఇది కొంచెం వివరంగా చెప్పాలి. ఒక పెద్ద ప్రోగ్రాం పెట్టాలంటే పోలీసుల దగ్గర ఒక పర్మిషన్, ఫైర్ వాళ్ల దగ్గర ఒక ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న కాగితం, కరెంటు వాళ్లది ఒకటి, కార్పొరేషన్‌ది ఒకటి, ఇలా తలా ఒక కాగితం. ప్రతి ఆఫీసూ తన కాగితం తను చూసుకుంటుంది. ఫైర్ వాళ్లు దారులు చూస్తారు, పోలీసులు బందోబస్తు, వీఐపీ రూట్ చూస్తారు, కరెంటు వాళ్లు లోడ్ చూస్తారు. అన్ని కాగితాలూ సరిగ్గానే ఉంటాయి. కానీ "ఈ ప్రోగ్రాం రోజు సాయంత్రం ఆరు నుంచి రాత్రి పన్నెండు దాకా పక్క వీధిలో ఉండే మనుషులు ఎలా తిరగాలి" అనే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు. ఆ కాలమ్ మనం పెట్టించుకోవాలి. కమిటీ అంటే నా ఉద్దేశం అదే.

మా వీధిలో డయాలసిస్‌కు వెళ్లే పెద్దాయన ఒకరున్నారు. ఒక ప్రోగ్రాం రోజు ఆసుపత్రి నుంచి తిరిగొస్తుంటే ఆటోని బారికేడ్ దగ్గర ఆపేశారు. కోడలు ఇంటికి ఫోన్ చేసి ప్లాస్టిక్ కుర్చీ తెప్పించింది. ఆయన నాలుగడుగులు వేయడం, ఆమె కుర్చీ వేయడం, ఆయన కూర్చుని ఆయాసం తీర్చుకోవడం, మళ్లీ లేవడం. అటూ ఇటూ బైకులు హారన్ కొడుతూ పోతున్నాయి. ఇల్లు చేరేసరికి ఆమె చీర కొంగంతా చెమటతో తడిసిపోయింది. ఆ కానిస్టేబుల్ కుర్రాడు కూడా జాలిపడ్డాడు పాపం, "అమ్మా, నాకు చెప్పింది ఎవర్నీ వదలొద్దనే" అన్నాడు. అతన్ని తప్పుపట్టలేను. ఏ ఇంట్లో పేషెంటున్నారో, ఏ బండిని వదలాలో ఆ అబ్బాయి చేతిలో ఒక లిస్టుంటే వదిలేవాడు. ఆ లిస్టు మనం కాకపోతే ఎవరు తయారు చేస్తారు?

మిగతావి మీకు నేను చెప్పక్కర్లేదు. గేటుకి అడ్డంగా బైకులు, హ్యాండిల్ లాక్ వేసి మరీ పోతారు. మర్నాడు పొద్దున బిర్యానీ పొట్లాలు, నీళ్ల ప్యాకెట్లు, తడిసిన అట్టపెట్టెలు. ఇంకొకటుంది, మర్యాద కోసం మనం బయటకు చెప్పుకోం కానీ చెప్పాలి: మగవాళ్లు మన ప్రహరీ గోడల దగ్గర చేసే పని. అన్ని వేలమందికి సరిపడా టాయిలెట్లు లేకపోతే జరిగేది అదే, పొద్దున్నే బకెట్లతో నీళ్లు కొట్టి కడుక్కునేది మాత్రం మన ఇళ్లలో ఆడవాళ్లు.

సౌండ్ గురించి. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 మించకూడదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకూ ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. పండగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు రాష్ట్ర ప్రభుత్వం కావాలంటే అర్ధరాత్రి పన్నెండు దాకా సడలింపు ఇవ్వొచ్చు, అదీ ఏడాదికి పదిహేను రోజులు మించకుండా. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, కోర్టుల చుట్టూ వంద మీటర్ల వరకూ నిశ్శబ్ద ప్రాంతంగా ప్రకటించే వీలుంది. బందరు రోడ్డు పొడవునా ఉన్నవి ఏమిటి, ఆసుపత్రులు, కాలేజీలే కదా. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టి తీర్పే ఇచ్చింది. రూల్సుకి కొదవ లేదు. అయితే పదిన్నరకి మనం 112కి ఫోన్ చేసి, పెట్రోలింగ్ బండి వచ్చి, లోపలికి వెళ్లి నిర్వాహకుల్ని వెతికి పట్టుకునేలోపు ఆఖరి పాట అయిపోతుంది. మర్నాడు దాని గురించి అడిగేవాడు ఉండడు. అదే ముందే కూర్చుంటే స్పీకర్లు ఇళ్ల వైపు కాకుండా ఎటు తిప్పాలో చెప్పొచ్చు, సౌండ్ చెక్ చేసేటప్పుడు మన మనిషి మీటర్‌తో గోడ దగ్గర నిలబడొచ్చు, ఇంటర్ పరీక్షల రోజుల్లో ఏ తేదీలు వద్దో రాసివ్వొచ్చు. తేడా అంతా సమయంలో ఉంది.

చెత్త విషయంలో కూడా అంతే. లైసెన్సు లేని చోట వందమందికి మించి జనాన్ని పిలిస్తే మూడు పనిదినాల ముందు మున్సిపాలిటీకి చెప్పాలని 2016 నాటి ఘనవ్యర్థాల నియమాల్లోనే రాశారు. వీధిలో షామియానా వేసుకుని అమ్మాయి పెళ్లి చేసేవాడు ముందు చెప్పాలన్నప్పుడు, వేలమందికి టిక్కెట్లు అమ్మేవాడు పక్కింటివాళ్లకు ఒక మాట చెప్పడం పెద్ద కోరికా?

ఇలాంటి కమిటీలు పనిచేస్తాయా అని కొందరు అడిగారు. చికాగోలో రిగ్లీ ఫీల్డ్ అని పాత బేస్‌బాల్ స్టేడియం ఉంది, ఇళ్ల మధ్యలోనే, మనదానిలాగే. అక్కడ 1988 దాకా లైట్లే లేవు, మ్యాచ్‌లు పగలే. లైట్లు పెడతామన్నప్పుడు చుట్టుపక్కలవాళ్లు ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి లైట్లు వచ్చాయి, కానీ ఏడాదికి రాత్రి మ్యాచ్‌లు పద్దెనిమిదే అని లెక్క కట్టి ఒప్పుకున్నారు. తర్వాత ఆ సంఖ్య పెరిగింది నిజమే, కానీ పెంచాలన్న ప్రతిసారీ కూర్చుని మాట్లాడుకోవాల్సిందే.

ఇంకో ఉదాహరణ డబ్లిన్‌లో క్రోక్ పార్క్. 2014లో గార్త్ బ్రూక్స్ అనే గాయకుడివి వరసగా ఐదు షోలు ప్రకటించి దాదాపు నాలుగు లక్షల టిక్కెట్లు అమ్మేశారు. అమ్మాక పర్మిషన్ కోసం చూస్తే, చుట్టుపక్కల జనం ఎదురు తిరిగారు, అక్కడి నగరపాలక సంస్థ మూడింటికే ఒప్పుకుంది. ఐదూ లేకపోతే రానని ఆయన అనడంతో మొత్తం రద్దయింది. హోటళ్లు నష్టపోయాయి, అభిమానులు ఏడ్చారు, ఇరుగుపొరుగు మాటపడ్డారు. ఎవరికి లాభం? ఈ కథ నిర్వాహకులు కూడా వినాలి, ఎందుకంటే ముందే మాట్లాడటం మనకంటే వాళ్లకే ఎక్కువ అవసరం. అదే గాయకుడు 2022లో అదే చోట ఐదు షోలూ చేశాడు.

దూరాలెందుకు, మన పక్కన బెంగళూరులో 2025 జూన్ 4న చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో పదకొండు మంది చనిపోయారు. లోపల కాదు, బయట, గేట్ల దగ్గర, రోడ్డు మీద. స్టేడియం బయట ఉండే రోడ్డంటే మన ఇళ్ల ముందుండే రోడ్డే. ఆ గుంపులో మన పిల్లలు కూడా ఉండొచ్చు. అంబులెన్స్ వెళ్లే దారి ఒకటి ఖాళీగా ఉంచమని మనం అడుగుతుంటే అది మన సుఖం కోసం అని ఎవరైనా అంటే నాకు కోపం వస్తుంది.

కార్పొరేటర్‌కి చెప్పుకోవచ్చు, వార్డు సచివాలయం ఉంది, మళ్లీ కమిటీ ఎందుకంటారా? స్టేడియం ప్రభావం ఒక డివిజన్‌తో ఆగదు. ట్రాఫిక్ పోలీసులు కార్పొరేషన్ చేతిలో ఉండరు. ఆగస్టు 15కి పోలీస్ కంట్రోల్ రూమ్ నుంచి బెంజ్ సర్కిల్ దాకా ట్రాఫిక్ మళ్లిస్తే దాని సెగ ఏలూరు రోడ్డు మీదా పడుతుంది. అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే చోటు ఇప్పుడు లేదు. చేతకాక కాదు. ఈ ఊరు ఏటా దసరాకి ఇంద్రకీలాద్రి మీద లక్షలమందిని సంభాళిస్తుంది, 2016 కృష్ణా పుష్కరాలప్పుడు పన్నెండు రోజులు ఏ ఘాట్‌కి ఏ దారి, బస్సు ఎక్కడ ఆగాలి అని శాఖలన్నీ నెలల ముందు నుంచీ కూర్చున్నాయి. ఆ శ్రద్ధలో పదో వంతు చాలు మనకు.

ఇక కమిటీలో ఎవరుండాలి. స్టేడియం ఎవరి అజమాయిషీలో ఉంటే వాళ్ల మనిషి, ట్రాఫిక్ నుంచి ఒక ఎస్సై స్థాయి అధికారి, కార్పొరేషన్ శానిటేషన్ వాళ్లు, ఆ ప్రోగ్రాం నిర్వాహకుడు. మన వైపు నుంచి అపార్ట్‌మెంట్ ప్రెసిడెంట్లు మాత్రమే అయితే నేను ఒప్పుకోను. అద్దెకుండేవాళ్లు ఉండాలి, ఆడవాళ్లు సగం ఉండాలి, షాపులవాళ్లు, ఆటో స్టాండ్ నుంచి ఒకరు, తోపుడు బండ్ల నుంచి ఒకరు ఉండాలి. ప్రోగ్రాం ఉంటే మొదట తరిమేసేది బండ్లవాళ్లనే, నిజానికి ఆ రోజు నాలుగు డబ్బులు చూసుకోవాల్సింది వాళ్లే. వాళ్లకు ముందే చోటు గీసిస్తే రోడ్డూ ఖాళీగా ఉంటుంది, వాళ్ల కడుపూ నిండుతుంది. పొద్దున ఊడ్చేవాళ్లను కూడా పిలవాలి, ఎక్కడ ఎన్ని డబ్బాలు పెట్టాలో వాళ్ల కంటే బాగా ఎవరికి తెలుసు? పార్టీ కండువాలు మాత్రం గుమ్మం బయటే. మీకు ఏ పార్టీ ఇష్టమైనా నాకు అభ్యంతరం లేదు, ఆ బల్ల దగ్గర మాత్రం మీరు ఫలానా వీధివాళ్లు, అంతవరకే.

అడగాల్సినవాటిలో నాకు అన్నిటికంటే ముఖ్యం క్యాలెండర్. మూడు నెలల ప్రోగ్రాంలు, రిహార్సల్స్‌తో సహా, వార్డు సచివాలయం బోర్డు మీద ఉండాలి. జెండా పండగ పెరేడ్ రిహార్సల్స్ వేరు, టిక్కెట్టు పెట్టి చేసే ప్రైవేటు షో వేరు, రెండింటినీ ఒకే గాటన కట్టొద్దు. దేశం పండక్కి మనం దారి వదులుతాం, సంతోషంగా వదులుతాం. డబ్బు సంపాదించుకునే షో అయితే డిపాజిట్ కట్టాలి, మర్నాడు పొద్దున వీధులు శుభ్రంగా ఉన్నాయని కమిటీ సంతకం పెట్టాకే అది తిరిగివ్వాలి. ప్రోగ్రాం జరిగేటప్పుడు ఎత్తే ఫోన్ నంబరు ఒకటి, ఎత్తే మనిషి పేరుతో సహా, ప్రతి గేటుకీ అంటించాలి. వీధివాళ్లకు బండి పాసులు ముందే ఇవ్వాలి.

మన వైపు నుంచి కూడా మాటివ్వాలి. తేదీ ఒప్పుకున్నాక అడ్డుపడం. ఖాళీ స్థలమున్న ఇళ్లవాళ్లు పార్కింగ్‌కి ఇచ్చి ఇష్టమొచ్చినంత గుంజడం మానాలి, ఆ పనీ జరుగుతోంది మన వీధుల్లో.

కమిషనర్‌కి ఇచ్చే వినతిపత్రం చిత్తు ప్రతి ఆ బల్ల మీద ఉంది. చదవండి, నచ్చనిది కొట్టేయండి, తోచింది కలపండి. పక్కన ఇంకో కాగితముంది, వీధికి ఇద్దరి పేర్లు అందులో కావాలి, ఒకరు తప్పకుండా ఆడవాళ్లై ఉండాలి. ఇంట్లో మంచం పట్టినవాళ్లు, డయాలసిస్‌కు వెళ్లేవాళ్లు, నెలలు నిండినవాళ్లు ఉంటే పేరు అక్కర్లేదు, ఇల్లు ఏ వీధిలోనో, గేటు ఏ వైపు తెరుచుకుంటుందో రాయండి. అంబులెన్స్ దారి మ్యాప్ వేయడం అక్కడి నుంచే మొదలుపెడదాం.