రెండు తలాలు ఎప్పుడు సమాంతరం?

సభకు నమస్కారం. పెద్దల పేర్లన్నీ అధ్యక్షులు చెప్పేశారు, నేరుగా విషయానికి వస్తాను. బెంగళూరు మారతహళ్ళిలో ఇంతమంది తెలుగు తల్లిదండ్రులు, లెక్కల మాస్టర్లు ఒకచోట కూర్చున్నారు కాబట్టి నా బాధ ఇక్కడే చెప్పాలి. మన పిల్లలు తలాన్ని, అంటే చదునైన ఉపరితలాన్ని, చూడకుండానే దాని సూత్రం బట్టీ పడుతున్నారు.

ఈ హాలు నేల, పైకప్పు చూడండి. ఎంత పొడిగించినా కలవని తలాలు సమాంతరాలు. రేఖలకు ఆ మాట చాలదు. నేల మీద తూర్పు పడమరగా ఒక గీత, కప్పు మీద ఉత్తర దక్షిణంగా ఇంకో గీత గీయండి. ఎన్నటికీ కలవవు, అయినా సమాంతరం కావు. అదే ఈ గోడ నేలను తాకే అంచు, కప్పును తాకే అంచు తప్పకుండా సమాంతరమే. ప్రాచీన గ్రీకు గణితవేత్త యూక్లిడ్ రాసిన ‘ఎలిమెంట్స్’ గ్రంథం పదకొండో భాగంలో 16వ ప్రతిపాదన ఇది.

సమాంతర తలాల మధ్య దూరం సూత్రం గురించే ఎక్కువ చెబుదామనుకున్నాను. కానీ దానికి ముందున్న 15వ ప్రతిపాదన దగ్గర ఆగక తప్పదు. ఒక తలంలో ఖండించుకునే రెండు రేఖలు, మరో తలంలో ఖండించుకునే రెండు రేఖలకు సమాంతరమైతే ఆ తలాలు సమాంతరం. ఖండించుకోవాలన్న షరతును పిల్లలు వదిలేస్తారు. బాత్రూమ్ నేల నీటి తూము వైపు వాలుగా ఉంటుంది. వాలుకు అడ్డంగా రసమట్టం పెట్టండి, బుడగ మధ్యలో నిలుస్తుంది. అదే దిశలో, అంటే మొదటిదాన్ని ఖండించని గీత మీద, మరో చోట పెట్టినా అంతే. వాలు వెంట తిప్పి పెట్టండి, బుడగ జరుగుతుంది! అందుకే మేస్త్రీ రెండు దిశల్లోనూ చూస్తాడు. పిల్లల చేత ఇది చేయించండమ్మా, దయచేసి.

ఇక సమీకరణాలు. ఒక్కో సమీకరణం ఒక్కో తలం. 2ఎక్స్ − వై + 2జెడ్ = 3, 4ఎక్స్ − 2వై + 4జెడ్ = −6. గుణకాలు, అంటే ఎక్స్, వై, జెడ్‌ల ముందున్న సంఖ్యలు, ఒకే నిష్పత్తిలో ఉన్నాయి, అంటే అభిలంబాల (తలానికి లంబంగా నిలిచే రేఖల) దిశ ఒకటే. కుడివైపు సంఖ్యలు కూడా అదే నిష్పత్తిలో ఉంటే రెండూ ఒకే తలం. ఇక్కడ లేవు, కాబట్టి సమాంతరం. చాలామంది వెంటనే 3 నుంచి −6 తీసేసి, 9ని 3తో భాగించి దూరం 3 అంటారు. తప్పు. ముందు రెండోదాన్ని 2తో భాగించాలి. కుడివైపు −3 వస్తుంది. తేడా 6. గుణకాల వర్గాల మొత్తం 4 + 1 + 4 = 9, దాని వర్గమూలం 3. 6ని 3తో భాగిస్తే దూరం 2.

గుణకాలు సమం చేసిన ఆ ఒక్క మెట్టుకు విడిగా మార్కు వేయండి, మాస్టారూ.