అత్తగారి స్నానపు కుర్చీ

పెద్దలకు, ముందు వరసలో కూర్చున్న అమ్మలకు నమస్కారమండి. వృద్ధుల దినోత్సవం కదా, పెద్దల సేవ గురించి రెండు మాటలు చెప్పమన్నారు. నేను స్నానం గురించి చెప్తాను. మా అత్తగారు పడిపోయింది స్నానాల గదిలోనే.

కార్తీకమాసం వస్తే చీకటుండగానే కోటిపల్లి రేవుకెళ్ళి గౌతమిలో మునిగొచ్చే మనిషి ఆవిడ. పక్షవాతంతో కుడివైపు పడిపోయాక కూడా ఒంటిమీద నీళ్ళు పడితేగానీ కాఫీ ముట్టేవారు కాదు. మేమూ అందరిలాగే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి పోసేవాళ్ళం. 2019లో ఒకరోజు వేణ్ణీళ్ళు చాలలేదని వంటింట్లోకి వెళ్ళాను. అంతే. సబ్బునీళ్ళలో కుర్చీ కాళ్ళు జారి, ఆవిడ తలుపుకి అడ్డంగా పడ్డారు. మా తలుపు లోపలికి తెరుచుకునేది. నెడితే ఆవిడకే తగులుతుంది. లోపల్నుంచి "నెట్టకమ్మా, నెట్టకు" అంటున్నారు. పక్కింటి అబ్బాయి వెంటిలేటర్ అద్దాలు తీసి దిగేదాకా అలా తడినేల మీదే ఉన్నారు. తుంటి ఎముక విరిగింది.

మీ ఇంట్లో స్నానాల గది తలుపు ఎటు తెరుచుకుంటుందండీ? ఇంటికెళ్ళాక ఒక్కసారి చూడండి. బయటికి తెరుచుకునేలా మార్పించండి.

ఆసుపత్రిలో మందుల చీటీ ఇచ్చారు గానీ, ఈ మనిషికి నీళ్ళెలా పోయాలో ఒక్కరూ చెప్పలేదు. ఆ బాధ నాకిప్పటికీ ఉంది. చివరికి ఇంటికొచ్చిన ఫిజియోథెరపిస్టు అమ్మాయి నేర్పింది. కాళ్ళకి రబ్బరు తొడుగులు, వీపుకి ఆనింపు, పక్కల చేతులు ఉన్న స్నానపు కుర్చీ తెప్పించింది. కూర్చుంటే పాదాలు పూర్తిగా నేలకి ఆనేలా దాని ఎత్తు సర్దింది. గోడకి స్టీలు కడ్డీ బోల్టులతో బిగించమంది, అదీ బలమున్న చేతివైపు. తువ్వాలు వేసుకునే కడ్డీ మనిషి బరువు ఆపదు, ఊడొస్తుంది. పడిపోయిన చెయ్యి పట్టుకుని లేపితే భుజం కీలు జారుతుందట. నేను అన్నాళ్ళూ అలాగే లాగాను! నడుముకి వెడల్పాటి బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని లేపాలి. బకెట్లో ముందు చన్నీళ్ళు, తర్వాతే వేడినీళ్ళు. మోచేత్తో చూశాకే పోయాలి. స్పర్శ పోయిన వైపు కాలినా వాళ్ళకి తెలియదు.

చేతి షవర్ ఆవిడ ఎడమచేతికే ఇచ్చాం. గుండెలకి పావడా కట్టుకుని, తన ఒంటిమీద తనే నీళ్ళు పోసుకున్నారు. "గోదారికెళ్ళొచ్చినట్టుందే" అన్నారు.

2027లో పుష్కరాలొస్తున్నాయి. ఏ ఘాట్లో ఎన్ని మెట్లని ఇప్పట్నుంచే మాట్లాడుకుంటున్నాం. మెట్లు దిగలేక మంచంలో ఉన్నవాళ్ళు మన వీధిలోనే ఉన్నారు కదండీ! వాళ్ళకి రోజూ చెంబెడు నీళ్ళు భయం లేకుండా పడాలి. 2017లో మన నెల్లూరులోనే మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ యోజన అనే కేంద్ర ప్రభుత్వ పథకంలో, అరవై దాటిన పేదవాళ్ళకి వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇస్తారు. అడగండి, మొహమాటపడకండి. చక్రాల కుర్చీ వస్తే మాత్రం, బ్రేకు వేయకుండా మనిషిని దించకండి.

ఇంకొక్క మాట. పెళ్ళికి గుండిగలు, గంగాళాలు ఎవరం కొనుక్కుంటున్నామండీ? రామాలయంలో తీసుకుంటాం, తోమి తిరిగి పెడతాం. స్నానపు కుర్చీ కూడా అలాగే ఎందుకుండకూడదు?

అత్తగారు పోయి రెండేళ్ళయింది. ఆవిడ కుర్చీ కడిగి, కొత్త రబ్బరు తొడుగులు వేయించి తెచ్చాను. అదిగో, ధ్వజస్తంభం పక్కన ఉంది. ఎవరింట్లో అవసరముందో ఇవాళే పట్టుకెళ్ళండి. ఎలా కూర్చోబెట్టాలో నేనొచ్చి చూపిస్తాను.