రాజుకు ఈస్టర్, రాణికి ఉపవాసం: ఇంగ్లండ్ రాజ్యాల్లోకి క్రైస్తవం వచ్చిన కథ

తెరపై: రాత్రి వేళ, నది ఒడ్డున చెక్కతో కట్టిన రాజభవనం.

క్రీ.శ. 626, ఈస్టర్ రోజు. ఉత్తర ఇంగ్లండ్‌లో డెర్వెంట్ నది ఒడ్డున నార్తంబ్రియా రాజు ఎడ్విన్ కొలువు తీరి ఉన్నాడు. పడమటి సాక్సన్‌ల రాజు పంపిన దూతనంటూ ఒకడు వచ్చాడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే విషం పూసిన కత్తి దూశాడు. లిల్లా అనే అనుచరుడి చేతిలో డాలు కూడా లేదు. తన ఒంటినే అడ్డం వేశాడు. కత్తి అతని శరీరంలోంచి దిగి రాజును కూడా గాయపరిచింది. లిల్లా చనిపోయాడు, రాజు బతికాడు.

అదే రాత్రి రాణి ఎథెల్బర్గ్‌కు ఆడపిల్ల పుట్టింది. పాప పేరు ఇయాన్‌ఫ్లాడ్. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఎడ్విన్ తన పాత దేవతలకు దండం పెట్టుకుంటుంటే, పుట్టింటి నుంచి రాణి వెంట వచ్చిన బిషప్ పౌలినస్ ‘కాన్పు క్షేమంగా జరగాలని నేను క్రీస్తును ప్రార్థించాను’ అన్నాడు. ఎడ్విన్‌కు ఆ మాట నచ్చింది. ‘నా మీదికి హంతకుణ్ణి పంపినవాడి మీద నన్ను గెలిపిస్తే నీ దేవుణ్ణే కొలుస్తాను’ అన్నాడు. అచ్చం మన మొక్కు లాంటిదే. ఆ మాటకు పూచీగా పసిపాపను బిషప్ చేతిలో పెట్టాడు. ఈస్టర్ తర్వాత ఏడు వారాలకు వచ్చే పెంతెకొస్తు పండుగకు పాపకు బాప్తిస్మం ఇచ్చారు. నార్తంబ్రియా ప్రజల్లో మొట్టమొదట బాప్తిస్మం పొందింది ఆమే.

తెరపై: బ్రిటన్ మ్యాప్. కెంట్, ఎసెక్స్, మెర్సియా, నార్తంబ్రియా ఒక్కొక్కటిగా వెలుగుతాయి.

ఇంతకీ ఈ రాజులకు కొత్త దేవుడితో పనేంటి? అయిదో శతాబ్దం మొదట్లో రోమన్ పాలన బ్రిటన్ నుంచి తొలగిపోయింది. తర్వాత సముద్రం దాటి వచ్చిన ఆంగిల్స్, సాక్సన్‌లు, జూట్‌లు చిన్న చిన్న రాజ్యాలు కట్టుకున్నారు. అక్కడి రాజంటే యుద్ధం గెలిచి, దోచుకొచ్చిన బంగారాన్ని తన మనుషులకు పంచేవాడు. చేతిలో బంగారం ఉన్నంత కాలం చుట్టూ జనం ఉంటారు. రాజు యుద్ధంలో పోతే రాజ్యం కూడా చెల్లాచెదురే. రాజు పోయినా రాజ్యం నిలబడాలంటే కత్తి ఒక్కటే చాలదు. రాతకోతలు, చట్టం, సముద్రం అవతలి పెద్ద రాజ్యాలతో సంబంధాలు కావాలి. చర్చి వెంట అవన్నీ వచ్చాయి. నా దృష్టిలో అసలు కథ ఇదే.

మొదట వచ్చింది కెంట్‌కు, అదీ ఒక పెళ్లి ద్వారా. కెంట్ రాజు ఎథెల్బర్ట్ పాత దేవతలనే కొలిచేవాడు. అతని భార్య బెర్తా ఇప్పటి ఫ్రాన్స్ వైపు ఏలిన ఫ్రాంకుల రాజు కూతురు, క్రైస్తవురాలు. తన మతంలోనే ఉంటానన్న షరతు మీదే ఈ పెళ్లి చేసుకుంది, వెంట ఒక బిషప్‌ను తెచ్చుకుంది. కాంటర్బరీలో ఆమె ప్రార్థించిన సెయింట్ మార్టిన్ చర్చిలో ఇప్పటికీ ఆరాధన జరుగుతోంది. గోడల్లో రోమన్ కాలపు ఇటుకలు ఇంకా కనిపిస్తాయి.

597లో రోమ్ నుంచి పోప్ గ్రెగరీ పంపిన అగస్టీన్ అనే సన్యాసి సుమారు 40 మందితో కెంట్ తీరంలో దిగాడు. ఎథెల్బర్ట్ వాళ్లను ఇంట్లోకి రానివ్వలేదు, ఆరుబయటే కలిశాడు. కప్పు కింద కలిస్తే మంత్రాలు వేసి లొంగదీసుకుంటారేమోనని అతని భయం. వాళ్లు చెప్పిందంతా విని, ‘మాటలు బాగున్నాయి, కానీ కొత్తవి. మా వాళ్లంతా ఇన్నాళ్లు నమ్మినదాన్ని ఒక్కసారిగా వదులుకోలేను’ అన్నాడు. అయినా ఉండటానికి చోటిచ్చాడు, తిండి పెట్టాడు, బోధించుకోమన్నాడు. తర్వాత తనూ బాప్తిస్మం తీసుకున్నాడు.

ఈ చరిత్రలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది 601లో గ్రెగరీ రాసిన ఒక ఉత్తరం. గుళ్లను కూల్చొద్దు, లోపలి విగ్రహాలను మాత్రం తీసేయండి, పవిత్ర జలం చల్లి ఆ గుళ్లనే చర్చిలు చేయండి అన్నాడు. వాళ్లకు ఎద్దులు కోసి పండుగ చేసుకునే అలవాటుంది కదా, చర్చి చుట్టూ పందిళ్లు వేసుకుని ఆ విందే చేసుకోనివ్వండి అన్నాడు. ఎత్తుకు ఎక్కేవాడు ఒక్కో అడుగే వేస్తాడు కానీ ఒక్క గంతులో చేరడు అని కారణం కూడా చెప్పాడు. విగ్రహాలను పగలగొట్టమన్నది కూడా ఈ గ్రెగరీయే, ఆ సంగతి దాచక్కర్లేదు. కానీ జనం మనసు ఎంత నెమ్మదిగా మారుతుందో ఆయనకు బాగా తెలుసు.

తెరపై: తోలు కాగితం మీద పాత ఇంగ్లిష్ రాత.

చర్చి వచ్చాకే ఎథెల్బర్ట్ తన రాజ్యపు చట్టాలు రాయించాడు. ఇంగ్లిష్‌లో రాసిన మొదటి చట్టం ఇదే. లాటిన్‌లో కాదు, జనం మాట్లాడే భాషలో. ఇందులో దెబ్బ దెబ్బకీ ఒక రేటు ఉంది. కన్ను పోగొడితే 50 షిల్లింగులు, బొటనవేలు నరికితే 20, ముందు పన్ను ఊడగొడితే 6. కత్తికి కత్తి అంటూ తరాల తరబడి సాగే పగలను డబ్బుతో ఆపడమే దీని ఉద్దేశం. ఇక మొదటి వాక్యాలు చూడండి. దేవుడి సొత్తు దొంగిలిస్తే 12 రెట్లు కట్టాలి, బిషప్ సొత్తుకు 11 రెట్లు. రాజు సొత్తుకు 9 రెట్లే! బిషప్‌ను తనకంటే పైన కూర్చోబెట్టి, బదులుగా ఎథెల్బర్ట్ తన పేరు మీద రాతలో నిలిచే చట్టాన్ని సంపాదించుకున్నాడు.

అయినా అంతా సాఫీగా ఏమీ సాగలేదు. 616లో ఎథెల్బర్ట్ పోగానే కొడుకు కొత్త మతాన్ని కాదని పాత పద్ధతినే పట్టుకున్నాడు, ఆ తర్వాతే దారికొచ్చాడు. ఎసెక్స్‌లో రాజకుమారులు బాప్తిస్మం లేకుండానే, చర్చిలో ప్రసాదంలా పంచే రొట్టె కోసం ‘మా నాన్నకిచ్చిన ఆ తెల్ల రొట్టె మాకూ ఇవ్వండి’ అని పట్టుబట్టారు. కుదరదన్నందుకు బిషప్‌ను తరిమేశారు.

ఎడ్విన్ రాణి ఎథెల్బర్గ్ ఈ ఎథెల్బర్ట్ కూతురే. కోరుకున్న యుద్ధం గెలిచాక కూడా ఎడ్విన్ తొందరపడలేదు. ఒంటరిగా కూర్చుని చాలా రోజులు ఆలోచించాడు, పెద్దలను పిలిచి అడిగాడు. వాళ్లలో ఒకాయన చెప్పిన మాట చదివిన ప్రతిసారీ నా మనసు కదులుతుంది. చలికాలం, బయట మంచు తుఫాను, లోపల మంట చుట్టూ మనం భోంచేస్తున్నాం. ఒక పిచ్చుక ఒక గుమ్మంలోంచి లోపలికొచ్చి ఇంకో గుమ్మంలోంచి వెళ్లిపోతుంది. ఆ కాసేపే దానికి వెచ్చదనం. మనిషి బతుకూ అంతే. దానికి ముందేముందో, తర్వాతేముందో ఈ కొత్త బోధ చెప్పగలిగితే విందాం అన్నాడాయన. 627 ఈస్టర్‌కు యార్క్‌లో, చెక్కతో కట్టిన చిన్న చర్చిలో ఎడ్విన్ బాప్తిస్మం తీసుకున్నాడు.

ఆరేళ్లకే యుద్ధంలో చనిపోయాడు. అతణ్ణి ఓడించిన ఇద్దరిలో మెర్సియా వాడు పాత దేవతల భక్తుడు, అతనితో చేతులు కలిపిన వేల్స్ రాజు క్రైస్తవుడు. కాబట్టి ఇవి మత యుద్ధాలని అనుకోవద్దు. రాణి పిల్లలతో ఓడెక్కి కెంట్‌కు పారిపోయింది. ఎడ్విన్ తర్వాత గద్దెనెక్కిన ఇద్దరూ కొత్త మతాన్ని వదిలేశారు. ఆ వెంటనే వచ్చిన ఓస్వాల్డ్ ప్రవాసంలో ఐరిష్ సన్యాసుల దగ్గర పెరిగినవాడు. 635లో స్కాట్లాండ్ తీరంలోని అయోనా దీవిలో ఉన్న ఐరిష్ మఠం నుంచి ఐడన్‌ను పిలిపించి లిండిస్‌ఫార్న్ దీవి ఇచ్చాడు. ఐడన్‌కు ఇంగ్లిష్ సరిగా రాదు. అందుకని రాజే పక్కన నిలబడి అతని బోధను అనువదించేవాడు.

ఓస్వాల్డ్ తమ్ముడు ఓస్వియు. అతను పెళ్లాడింది ఇయాన్‌ఫ్లాడ్‌నే, ఆనాటి పసిపాపనే.

తెరపై: విట్బీ, సముద్రపు కొండ మీద మఠం.

ఈస్టర్ ఏ రోజున వస్తుందో తేల్చడంలో ఓస్వియు ఐరిష్ లెక్క పాటించేవాడు, కెంట్‌లో పెరిగిన రాణిది రోమ్ లెక్క. కొన్నేళ్లు రాజు ఈస్టర్ విందులో ఉంటే రాణి ఇంకా ఉపవాసంలోనే ఉండేది. పండుగ ఏ రోజో పంచాంగాలు కలవకపోతే ఇంట్లో ఎంత గందరగోళమో మనకు తెలుసు, ఇక్కడైతే రాజభవనమే రెండుగా చీలింది. 664లో విట్బీలో, హిల్డా నడిపే మఠంలో సభ పెట్టారు. ఐరిష్ పక్షాన కోల్మన్, రోమ్ పక్షాన విల్ఫ్రిడ్ వాదించారు. రోమ్ చర్చి తనకు మూలపురుషుడని చెప్పుకునేది క్రీస్తు శిష్యుడు పేతురునే. చివరికి ఓస్వియు ఒకటే అడిగాడు, ‘పరలోకపు తాళపుచెవులు పేతురు దగ్గరే ఉన్నాయా?’ అని. ఇద్దరూ అవునన్నారు. ‘అయితే ఆయనతో నాకు తగవొద్దు, రేపు నేను వెళ్తే తలుపు తీసేవాడు ఉండడు’ అని చిరునవ్వుతో రోమ్ వైపు తీర్పు చెప్పాడు. కోల్మన్ అయోనాకు తిరిగి వెళ్లిపోయాడు.

ఈ కథలో చాలా భాగం 731లో జారో మఠంలోని బీడ్ అనే సన్యాసి రాసిపెట్టాడు. ఆయన చర్చి మనిషి, చర్చి వైపు నుంచే చెప్పాడు. నేను ఇందాకటి నుంచి చెబుతున్న ఈ క్రీ.శ. లెక్క యూరప్‌లో అంతగా పాకడానికీ ఆయన రాతలే పెద్ద కారణం.

670లో ఓస్వియు చనిపోయాక ఇయాన్‌ఫ్లాడ్ విట్బీ మఠంలోనే చేరింది. హిల్డా తర్వాత కూతురితో కలిసి దాన్ని నడిపింది. ఆమె అక్కడ ఉన్న రోజుల్లోనే ఎడ్విన్ అస్థికలను వెతికి తెచ్చి విట్బీలో సమాధి చేశారు. తండ్రి ఉన్న అదే చర్చిలో ఆమెనూ సమాధి చేశారు.